మకా జావకి పెట్టిన వంకలు

మా ఇంట్లో వండే పని నాది, రుచి చెప్పే పని మా ఆయనది. నేను రుచి చూడకుండా వండుతాను. చిన్నప్పుడు మా అమ్మ వంటింట్లో అదే పద్ధతి. దేవుడికి పెట్టకముందు గరిటె నాలుకకి తగిలిందంటే అది ఎంగిలి. చారు మరుగుతుంటే గట్టిగా వాసన పీల్చినా ఊరుకునేది కాదు. "ముక్కుతో తినేస్తున్నావు, ఇంక దేవుడికేం మిగిల్చావే?" అని కసిరేది. ఉప్పు చేతికి తెలియాలి, పులుపు చింతపండు పిసికేటప్పుడే తెలియాలి, కారం రంగు చూసి తెలియాలి. పెర్త్ వచ్చాక మడి పోయింది, ఆచారాలు చాలామట్టుకు పోయాయి, వాటి చోట్లోకి ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము ప్యాకెట్లు వచ్చాయి. ఈ ఒక్క అలవాటు మాత్రం చేతిని వదల్లేదు. హారిస్‌డేల్‌లో మా ఇంట్లో వంట కాగానే ఓ చిన్న గిన్నెలో కాస్త తీసి, ప్యాంట్రీ పక్క అలమరలో ఉన్న దేవుడి ముందు పెడతాను. ఆ తర్వాత మా ఆయన ముందు పెట్టేదాన్ని.

దేవుడు ఏనాడూ ఏమీ అనలేదు. ఈయన అనని రోజు లేదు.

"పోపు కంగారుగా పెట్టేశావు." "ఈ చారులో ఉప్పుందా, లేక మనమే ఉందనుకోవాలా?" "టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి వదిలేది ఈ సిటీ మొత్తానికి నువ్వొక్కదానివేనోయ్." ఇద్దరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే కాబట్టి ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకి బాగా తెలుసు. వీకెండ్ ఎవరైనా భోజనానికి వస్తే, వాళ్ల పిల్లలు "సూపర్ ఉంది ఆంటీ" అంటుంటే, ఈయన మధ్యలో దూరి "సూపరే గానీ, వంకాయ ఇంకో రెండు నిమిషాలు మగ్గాల్సింది" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ గిన్నె తీసుకెళ్లి ఆయన నెత్తిన బోర్లించాలనిపించేది. కానీ ఆ వంకల మీదే నా వంట నడిచింది. ఇవాళ ఉప్పు తక్కువంటే రేపు నా చెయ్యి కాస్త ధారాళంగా పడేది. పులుపు ఎక్కువైందంటే మర్నాడు చింతపండు తగ్గేది. నాకు వేరే కొలత లేదు.

అలాంటి మనిషికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ ఇచ్చారు. నోరు ఎండిపోయింది, రుచి పోయింది. రుచి కొందరికి మెల్లగా తిరిగి వస్తుందనీ, కొందరికి పూర్తిగా రాకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పింది. అంతకన్నా ముఖ్యంగా చెప్పింది ఇంకొకటి ఉంది. బరువు ఇప్పటికే బాగా తగ్గారు, ఇంకా తగ్గితే పొట్టలోకి ట్యూబు వెయ్యాల్సి వస్తుందని. అది వినగానే మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. కార్లో ఇంటికొచ్చాం. గరాజ్‌లో కారు ఆపాక, "నాకా ట్యూబు వద్దోయ్, నేను నోటితోనే తింటాను" అన్నారు. సరే అన్నాను. ఇంక నా పనల్లా ఆయన చేత తినిపించడం.

ఆ రోజు ముద్దపప్పు, మెత్తగా ఉడికిన అన్నం, నెయ్యి వేసి పెట్టాను. నాలుగు చెంచాలు తిని చెంచా పక్కన పెట్టేశారు.

"ఎలా ఉంది?" అన్నాను, అలవాటు కొద్దీ.

"బాగుంది."

"ఉప్పు?"

"సరిపోయింది."

పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ మాట ఆయన నోట వినాలని నేను ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. తీరా అది ఇలా వచ్చింది. ఆ తర్వాత ప్రతి పూటా అదే మాట. పెరుగన్నం బాగుంది, ఇడ్లీ బాగుంది, కూరలో ఏముందో కూడా చూడకుండానే బాగుంది. ఒకసారి ఒళ్లు మండి, "నిజం చెప్పండి, ఎలా ఉంది?" అని నిలదీస్తే, "తడి మట్టిలా ఉంది. ఏం పెట్టినా అలాగే ఉంటోంది. అందులో నీ తప్పేముంది?" అన్నారు నెమ్మదిగా. ఇంత నెమ్మదిగా మాట్లాడే మొగుడు నాకెందుకూ అనుకున్నాను.

నా వంట కూడా అప్పుడే దారి తప్పింది. చారు ఒకరోజు ఉప్పు కషాయం, మరోరోజు వట్టి నీళ్లు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్‌లో చెప్పుకుంటే, "అమ్మా, జస్ట్ టేస్ట్ ఇట్. గాడ్ వోంట్ మైండ్" అంది. అది ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అది చెప్పింది నిజమే. గరిటె పట్టుకుని పెదవుల దాకా తెచ్చేదాన్ని. అక్కడ చెయ్యి ఆగిపోయేది. అమ్మ పోయి ఇన్నేళ్లయినా నా వెనకాలే నిలబడి ఉన్నట్టు ఉండేది.

మా పక్కింట్లో పెరూ దేశం ఆవిడ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, కూతురి దగ్గర ఉంటుంది. ఆవిడ పుట్టిన ఊరు కొండల మీద చెట్లు కూడా మొలవనంత ఎత్తున ఉందట. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో స్పానిష్ దూరుతుంది. నా ఇంగ్లీషు ఆవిడకి సగం, ఆవిడ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేవి. అయినా ఫెన్స్ దగ్గర మేం రోజూ మాట్లాడుకునేవాళ్లం. మా కరివేపాకు మొక్క ఎండకి వాడిపోతే ఆవిడే నీడ ఉన్న చోటికి జరిపించింది. ఇక్కడ చలి మొదలయ్యే మే నెలలో ఓ మధ్యాహ్నం మా ఆయన శాలువా కప్పుకుని ఇంటి వెనక ప్యాటియో అరుగు మీద కూర్చుని ఉండగా ఆవిడ ఫెన్స్ మీంచి చూసింది. తింటున్నారా అని నన్ను చేత్తో సైగ చేసి అడిగింది. లేదని తల ఊపాను.

మర్నాడు చిన్న గుడ్డ సంచీతో మా ఇంటికొచ్చింది. సంచీలో ఎండిపోయి ముడుచుకుపోయిన గడ్డలు, కొన్ని పసుపు రంగువి, కొన్ని నల్లగా. చూడ్డానికి ఎండబెట్టిన చిన్న ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. వంటింట్లో గట్టులాంటి బెంచీ మీద పోస్తే టకటకమన్నాయి. "మకా" అంది. వాళ్ల ఊళ్లో మంచు కురిసే నేలలో పండే పంట అదొక్కటేనట. పగలు ఎండకీ రాత్రి మంచుకీ వదిలేసి వారాల తరబడి ఎండబెడతారట. ఒకసారి ఎండిందంటే ఏళ్లు నిలవుంటుందట. ఊరికి అవతల దక్షిణ అమెరికా సరుకులమ్మే కొట్టు ఉంటే, కూతురి చేత కారులో తీసుకెళ్లించుకుని మరీ తెచ్చింది. ఇక్కడ హెల్త్ షాపుల్లో డబ్బాల్లో దీని పొడి దొరుకుతుందిగా అంటే, మొహం చిట్లించి చెయ్యి విదిలించింది. ఎలా వండాలో చెప్పి వెళ్లింది. నానబెట్టమందనీ, పాలనీ అర్థమైంది. మిగతాది స్పానిష్‌లో పోయింది.

ఎండు దుంప చేతిలో పడగానే నా చేతులు వాటంతట అవే శొంఠి పని మొదలుపెట్టాయి. నానబెట్టడం ఎందుకు, ఎండిందాన్ని మళ్లీ తడపడమేమిటి అనుకున్నాను. రోట్లో చితక్కొట్టి, నేతిలో దోరగా వేయించి, మిక్సీలో వేశాను. మిక్సీ కుయ్యో మొర్రో అంది. జల్లించి, పాలల్లో మరిగించి, బెల్లం వేసి, దేవుడికి చూపించి మా ఆయనకి గ్లాసుతో ఇచ్చాను.

ఆయన ఒక గుక్క తాగారు. మొహం అంతా వికారంగా ముడుచుకుపోయింది.

"ఏంటిది? ముల్లంగి మాడబెట్టి పాలల్లో పడేశావా?"

నేను అక్కడే నిలబడిపోయాను. "ఏమన్నారూ?"

"మాడిందోయ్. అడుగున చేదుగా..." అని ఆయనే ఆగిపోయారు. గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు. మళ్లీ ఒక గుక్క తాగి, ఈసారి నాలుక మీద కాసేపు ఉంచుకుని మింగారు. "మాడు తెలుస్తోంది" అన్నారు, చిన్నపిల్లాడికి ఏదో దొరికినట్టు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లలో నా వంట తగలబడిందని సంతోషించింది ఆ ఒక్కరోజే.

ఇది వింటే పక్కింటావిడ రెండు చేతులతో తల పట్టుకుంది. వేయించావా అని మూడుసార్లు అడిగింది. నాతో ఇంక లాభం లేదనుకుందేమో, మర్నాడు పొద్దున్నే తనే వచ్చి నా స్టవ్ దగ్గర నిలబడింది. దుంపల్ని బాగా కడిగి రాత్రంతా నానబెట్టాలి. సన్న సెగ మీద, చాకు గుచ్చితే దిగేదాకా ఓపిగ్గా ఉడికించాలి. మెత్తగా మెదిపి, పాలు, దాల్చినచెక్క, లవంగాలు, పంచదార వేసి, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పల్చగా ఉంచితే తాగడానికి, చిక్కగా దగ్గరపడితే చెంచాతో తినడానికి. పంచదార ఏం బాగుంటుందని నేను బెల్లం తీశాను. దానికి ఒప్పుకుంది. ఇల్లంతా మొలకెత్తిన గోధుమల్ని వేయించినట్టు కమ్మటి వాసన వచ్చింది. దాని అడుగున మాత్రం ముల్లంగి ఘాటు దాక్కుని ఉంది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఆవిడ చెక్క గరిటెతో కాస్త తీసి, ఊదుకుని, నాకింది. నాకి, ఆ గరిటెనే మళ్లీ గిన్నెలో పెట్టి కలిపింది. నా ఒళ్లు జలదరించింది. ఇంకాస్త బెల్లం వేసి మళ్లీ నాకింది. అప్పుడు ఒక కప్పులోకి తీసుకుని, ప్యాటియోలోకి వెళ్లి, కరివేపాకు మొక్క మొదట్లో నాలుగు చుక్కలు ఒంపింది. భూమి తల్లికి అంది. మొదటి చుక్కలు ఆమెవి, ఆ తర్వాతే మనుషులకి.

నా నోరు ఊరుకోలేదు. మేం దేవుడికి పెట్టేది ముందు ఎవరమూ ముట్టుకోమనీ, రుచి చూస్తే అది పనికిరాకుండా పోతుందనీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బాగుందో లేదో చూసుకోకుండా అమ్మకెలా పెడతావు?" అంది.

ప్యాటియోలో శాలువాలో ముడుచుకుని కూర్చున్న మా ఆయనకి ఇది పండగైపోయింది. "విన్నావా? టెస్టింగ్ అయ్యాకే రిలీజ్! ఆవిడ కొండల్లో కూడా తెలుసు" అన్నారు గొంతు జీరపోతున్నా ఆగకుండా. మీరు నోరు మూసుకుని తాగండి అన్నాను. తాగారు. లవంగం ఎక్కువైందన్నారు.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో డైటీషియన్‌ని అడిగాను. ఇది మందేమీ కాదు, రోగాన్ని ఏమీ చెయ్యదు, కానీ ఆహారంగా తాగగలిగితే తాగనివ్వండి, ఆ పాలూ బెల్లమూ ఒంటికి పడతాయి అందామె. మందని నేనూ అనుకోలేదు. మకా ఆయన నోట్లోకి ఎందుకు వెళ్తోందో ఆయనే ఒకరోజు చెప్పారు. "పప్పు ఎలా ఉండాలో నాకు తెలుసోయ్. అలా లేకపోతే దిగులు పుడుతుంది. చారు చూసినా అంతే. దీనికా గొడవ లేదు. ఇది ఎలా ఉండాలో నాకేం తెలుసు? ఉన్నదేదో తాగుతాను, తెలిసిందేదో చెప్తాను."

ఆ చలికాలం అంతా మా బెంచీ మీద ఒక గిన్నెలో మకా నానుతూనే ఉంది. పొద్దున జావ. మధ్యాహ్నం ఒక్కోసారి పక్కింటావిడ పద్ధతిలో సూప్, నానిన మకా, బంగాళాదుంపలు, మటన్ ఎముకలు వేసి గంటలకొద్దీ మరిగించి వడకట్టినది. నేను ఊరుకుంటానా, కొన్నాళ్లకి జావలో రాగిపిండి కలిపాను, సూప్‌లో మిరియాలు దంచి వేశాను. ఆవిడ వద్దని చెయ్యి ఊపుతూనే రెండు గిన్నెలు తాగింది. నేను మాత్రం ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. అది రోగికని చేసేది, నాకెందుకులే అని ఒక సాకు. అసలు సంగతి, ఎలా ఉందో ఆయన నోటి నుంచి వినడమే నాకు ఇష్టం.

"ఇవాళ పాలెక్కువయ్యాయి." "దాల్చినచెక్క ముందుకొచ్చి కూర్చుంది, దుంప ఎక్కడో వెనకాల ఉంది." "సరిగ్గా ఉడకలేదు, పళ్ల కింద ఇసకలా తగులుతోంది." ఆ వంకలు వింటూ నేను గిన్నెలు తోముకునేదాన్ని. బరువు నిలబడింది. ట్యూబు మాట డాక్టరు మళ్లీ ఎత్తలేదు. సెప్టెంబరులో ఒకరోజు అన్నంలో చారు పోసుకుని, ఒక ముద్ద తిని, ఆగి, "ఇంగువ ఏదోయ్?" అన్నారు. నిజంగానే వెయ్యడం మర్చిపోయాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఫెన్స్ దగ్గరికి పరుగెత్తి పక్కింటావిడని కేకేశాను. ఇంగువంటే ఏమిటో ఆవిడకి తెలీదు. అయినా ఫెన్స్ మీంచి నా మెడ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

మేం గెలిచామనే అనుకున్నాను. ఆ రెండు నెలలూ నేను ఎంత తలపొగరుగా తిరిగానో.

నవంబరులో, జకరండా చెట్లు ఊదారంగు పూలు పూసే రోజుల్లో చేసిన స్కాన్‌లో క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని తేలింది. డాక్టరు చాలా మర్యాదగా, చాలా నిదానంగా చెప్పింది. ఇంక చేసే వైద్యంలో బాధ ఎక్కువ, లాభం తక్కువ. ఇంట్లోనే ఉంటానన్నారు ఆయన. నర్సు వచ్చి చూసి వెళ్లేది. ఇక్కడి ఎండాకాలం వచ్చి పొద్దున్నుంచే తూర్పుగాలి సెగలు కక్కుతుంటే ఆయనకి చలి. ఏసీ ఆపేసి, చెమటలు కారుతూ, నేను స్టవ్ దగ్గర నిలబడి మకా కలిపేదాన్ని. పప్పు వెళ్లిపోయింది, చారు వెళ్లిపోయింది, అన్నం వెళ్లిపోయింది. జావ ఒక్కటే మిగిలింది, అదీ పల్చగా, చెంచాతో.

వంకలు మాత్రం ఆగలేదు. మాటకి ఓపిక లేకపోతే కనుబొమ్మ ఎత్తేవారు. తీపి ఎక్కువైతే ఎడమ కనుబొమ్మ. చప్పగా ఉంటే పెదవి విరుపు. నేను ఆ మొహం మీదే కళ్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన వంక పెట్టిన రోజు ఇంకా కొన్నాళ్లు ఉంటారని నా లెక్క. ఈ లెక్క ఎవరికైనా చెబితే నవ్విపోతారని తెలుసు. అయినా అదే పట్టుకుని వేలాడాను.

ఆ పొద్దున జావ పొయ్యి మీద ఉండగా నర్సు ఫోన్ చేసింది. మంచం మార్చాలనీ, ఆస్పత్రి మంచం లాంటిది పంపిస్తామనీ, హాల్లో చోటు ఎక్కడుందనీ అడిగింది. మాట్లాడుతూనే కలిపాను, మాట్లాడుతూనే దించాను. దేవుడికి చూపించాను. కప్పులో పోసుకుని వెళ్లి, ఆయన తల కాస్త ఎత్తి, చెంచాతో పట్టాను. ఒకటి మింగారు. రెండోది మింగారు. నేను కనుబొమ్మ వంక చూస్తున్నాను.

"బాగుంది" అన్నారు.

నా చెయ్యి ఆగిపోయింది. "ఏమండీ, సరిగ్గా చెప్పండి. పాలెక్కువయ్యాయా?"

"లేదోయ్. చాలా బాగుంది." నా మణికట్టు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకున్నారు.

కప్పు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. బెంచీ మీద నేను తురిమి పెట్టుకున్న బెల్లం గిన్నె నిండుగా అలాగే ఉంది. అందులోంచి ఒక్క పలుకు కూడా కదల్లేదు. ఫోన్ మాటల్లో పడి వెయ్యనేలేదు.

కప్పు చేతిలోనే ఉంది. ఏమీ ఆలోచించలేదు, నోట్లో పెట్టుకున్నాను. అందరికంటే ముందు కాకపోయినా, నా వంటని ఇలా నిలబడి రుచి కోసమే నోట్లో పెట్టుకోవడం నాకు అదే మొదలు. ఆయన ఎంగిలి. చేదు, ఆ వెనకాల పచ్చి ముల్లంగి ఘాటు, నాలుక మీద పిండిలా పట్టుకుని వదలని జిగురు. దాన్ని బాగుందనే మనిషి ఉండడు. మా ఆయన అసలే అనరు.

సింకు పట్టుకుని నిలబడ్డాను. నాలుక మళ్లీ చచ్చిపోయిందా? లేకపోతే చేదు తెలిసీ నాకోసం మింగేశారా? మొదటిదైతే అది రోగం చేసిన పని. రెండోదైతే ఆయన నాతో పోట్లాట మానేశారు. ఇంక నేను సర్దుకోవడానికి రేపు లేదని, నాకు వంక పెట్టి ఏం లాభమని వదిలేశారు. ఏది నిజమో పక్క గదిలోకి వెళ్లి అడిగితే తెలిసేది. అడగలేకపోయాను. బెల్లం వేసి మళ్లీ మరిగించి తీసుకెళ్లేసరికి నిద్రపోతున్నారు. తర్వాత ఇంకేమీ తీసుకోలేదు. ఆ వారంలోనే పోయారు.

మళ్లీ చలికాలం వచ్చింది. పక్కింటావిడ మళ్లీ గుడ్డ సంచీతో వచ్చింది. ఎవరి కోసం అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, దుంపల్ని తనే కడిగి గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి వెళ్లిపోయింది.

ఇవాళ పొద్దున అవి ఉడికించాను. మెదిపాను. పాలు, దాల్చినచెక్క, లవంగం, బెల్లం. కలుపుతూ కలుపుతూ, గరిటెతో కాస్త తీసి, ఊదుకుని, నాకాను. పాలెక్కువయ్యాయి. ఆ మాట పైకే అన్నాను. సన్న సెగ మీద ఇంకాసేపు దగ్గరపడనిచ్చి, మళ్లీ నాకాను. ఈసారి కుదిరింది. అమ్మ చూస్తుంటే నా వీపు విమానం మోత మోగించేది. మోగించనీ. బాగుందో లేదో తెలియకుండా ఇంకెవరికీ ఏమీ పెట్టలేను.

చిన్న గిన్నెలో తీసి అలమర తెరిచి లోపల పెట్టాను. దేవుడి పక్కనే ఆయన ఫోటో ఉంది. ఇప్పుడు ఇద్దరూ ఏమీ అనరు.